కోసి కుదించిన ఎర

కొత్త ప్లాస్టిక్ ఎరను ప్యాకెట్ విప్పి అలాగే నీళ్లలో వేస్తే, దాని పనితనంలో సగమే చూసినట్టు. మిగతా సగం కత్తెరతో మొదలవుతుంది. అమెరికాలో బాస్, బ్లూగిల్ చేపలకు గాలం వేసేవాళ్లు ఈ పనిని దశాబ్దాలుగా సానబెడుతూ వచ్చారు.

1949లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్‌లో నిక్ క్రీమ్, ఆయన భార్య కాస్మా ఇంట్లోనే వినైల్ కరిగించి, వానపాము ఆకారంలో మెత్తటి ఎరను పోతపోశారు. చెక్క ఎరనో లోహపు ఎరనో పట్టిన చేప, గట్టిగా తగలగానే ఉమ్మేస్తుంది. మెత్తటిదాన్ని ఇంకో క్షణం నోట్లో ఉంచుకుంటుంది. గాలం గుంజడానికి ఆ క్షణం చాలు. ఆ మెత్తదనం వల్లే ఎరను కోయడం, చీల్చడం, అతకడం కూడా వీలైంది.

నీళ్లు తేటగా ఉన్నప్పుడు, చలి పెరిగినప్పుడు, రోజూ గాలాలు పడే చోట్ల చేపలు బాగా జంకుతాయి. అక్కడ పెద్ద ఎర, పెద్ద కదలిక పనిచేయవు. టెనెసీకి చెందిన చార్లీ బ్రూవర్ చిన్న ఎరకు తేలికపాటి జిగ్ తల, అంటే బరువు గుండు పోసిన గాలపు ముల్లు, తగిలించి, కర్ర ఆడించకుండా నిదానంగా దారం చుట్టుకోమని చెప్పేవారు. ఎంత తక్కువ చేస్తే అంత మంచిదన్న ఈ పద్ధతికే ఫినెస్ అని పేరు.

దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది కాన్సస్ వాళ్లు. నెడ్ కేడీ, ఆయన మిత్రులు 5 అంగుళాల కడ్డీ ఎరను సరిగ్గా మధ్యకు కోసి, రెండున్నర అంగుళాల ముక్కను పుట్టగొడుగు ఆకారపు జిగ్ తలకు గుచ్చేవారు. తల బరువు ఔన్సులో 16వ వంతు, అంటే 2 గ్రాముల లోపే. కోత నిటారుగా పడాలి. వంకరపోతే ముక్క తలకు ఆనదు. ముల్లు నడిమధ్యగా దిగకపోతే ఎర నీళ్లలో గిరగిరా తిరిగి దారాన్ని మెలిపెడుతుంది. వాళ్లు వాడే ఎలాజ్‌టెక్ రకం ప్లాస్టిక్‌కు తేలే గుణం ఉంది కాబట్టి తల అడుగున ఆనినా తోక పైకి లేచి నిలబడుతుంది. ఉప్పు కలిపిన ముక్కనైతే వేళ్లతో బాగా సాగదీసి ఉప్పు వదలగొడతారు. అప్పుడది ఇంకా తేలికపడుతుంది. చేపలు కొరికి కొరికి నలిగిన ముక్కే కొత్తదానికన్నా బాగా పనిచేస్తుందన్న వాళ్ల మాట నాకు సమంజసంగానే తోస్తుంది.

బ్లూగిల్ విషయం వేరు. దాని నోరు చాలా చిన్నది, ఎరను కొరకదు, నీళ్లతో సహా పీల్చుకుంటుంది. తోక పొడుగైతే తోక కొసను మాత్రమే లాగి వదిలేస్తుంది. అందుకే ఎరను అంగుళానికి కుదించి, కొసను బ్లేడుతో సన్నటి పీలికలుగా చీలుస్తారు. ఔన్సులో 32వ లేదా 64వ వంతు తల మీద అది మెల్లగా దిగుతుంటే, ఏ కదలికా ఇవ్వకున్నా పీలికలు వాటంతటవే ఆడతాయి. నా దృష్టిలో మొత్తం విద్యలో సొగసైన పని ఇదే.

చిరిగిన వినైల్ ఎరలను పారేయక్కర్లేదు. ఒకదాని ఒంటిని, ఇంకోదాని తోకను లైటర్ మంట దగ్గర క్షణం ఉంచి, అంచులు మెరవగానే కలిపి పట్టుకుంటే చల్లారేసరికి అతుక్కుంటాయి. ఆ పొగ మంచిది కాదు, ఆరుబయటే చేయాలి. ఎలాజ్‌టెక్‌ను మాత్రం మామూలు వినైల్‌తో ఒకే పెట్టెలో ఉంచకూడదు, రెండూ కరిగి ముద్దవుతాయి. అతకడానికి పనికిరాని తునకలను ఒడ్డుకు తెచ్చేయాలి. నీళ్లలో వదిలినవాటిని చేపలు మింగుతాయి, అవి కడుపులోనే ఉబ్బి ఉండిపోతాయి. ఇలా పోగుచేసిన వినైల్ తునకలను మళ్లీ కరిగించి, కొత్త ఎరలు పోతపోసుకునేవాళ్లూ ఉన్నారు.