పీప్స్ బీరువాలు

కొన్న పుస్తకాలు పెట్టడానికి చోటు లేక కుర్చీల మీద పేర్చడం, ఆ తర్వాత కూర్చోవడానికి కుర్చీ లేకపోవడం, దొంతర అడుగున ఉన్న పుస్తకం కావాలంటే పైవన్నీ దించాల్సి వచ్చి చదవడమే మానుకోవడం: పుస్తకాలున్న ప్రతి ఇంటికీ తెలిసిన అవస్థే ఇది. 1666 జులైలో లండన్‌లో శామ్యూల్ పీప్స్ ఇదే అవస్థను తన డైరీలో రాసుకున్నాడు. రాసుకుని ఊరుకోలేదు, వడ్రంగిని పిలిపించాడు. వాళ్లిద్దరూ కలిసి ఆలోచించి చేయించిన బీరువాలు మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా కేంబ్రిడ్జ్‌లోని మాగ్డలీన్ కాలేజీలో అవే పుస్తకాలతో నిలబడి ఉన్నాయి. తక్కువ చోటులో ఎక్కువ పుస్తకాలు సర్దే విద్యలో వాటిని మించిన పనితనం నాకు కనపడలేదు.

పీప్స్ ఇంగ్లండు నౌకాదళ కార్యాలయంలో ఉద్యోగి. సీథింగ్ లేన్‌లో ఆఫీసుతో పాటే ఇల్లు కూడా. చదువుకోవడానికి అందులో ఒక చిన్న గది. ఆయన పిలిపించిన సింప్సన్ మామూలు వడ్రంగి కాడు, డెప్ట్‌ఫర్డ్, వూలిచ్ నౌకా నిర్మాణశాలల్లో పెద్ద వడ్రంగి. ఓడల కోసం చెక్క పని చేసేవాడికి అంగుళం విలువ ఒకరు చెప్పక్కర్లేదు. ఆ చెయ్యి ఈ బీరువాల్లో కనిపిస్తుందని నా నమ్మకం. ఆగస్టు 24న సింప్సన్ కొత్త బీరువాలు తెచ్చి నిలబెట్టాడు. యజమానీ వడ్రంగీ కలిసి చీకటి పడేదాకా ఆ గది సర్దుతూనే ఉన్నారు. సరిగ్గా తొమ్మిది రోజులకు, సెప్టెంబరు 2న, లండన్ మహాగ్నిప్రమాదం మొదలైంది. పీప్స్ సామాను ఊరి బయటికి తరలించాడు, మంటలు ఆ ఇంటిదాకా రాకుండానే ఆగాయి. 1673లో మరో ప్రమాదంలో ఆ కార్యాలయమే కాలిపోయింది. పుస్తకాలు అప్పుడూ బయటపడ్డాయి.

బీరువాలు ఓక్ కర్రవి. రెండింటితో మొదలై, కాలక్రమాన పన్నెండయ్యాయి. పైన చెక్కడపు పని ఉన్న అంచు, ముందు చిన్న చిన్న అద్దాలు బిగించిన తలుపులు. ఇంగ్లండులో ఇంటి పుస్తకాలకు అద్దాల తలుపులు పెట్టి చేసిన తొలితరం బీరువాలు ఇవే. దుమ్ము పడదు, తలుపు తీయకుండానే పుస్తకం పేరు కనిపిస్తుంది. ఇవాళ మనకు మామూలుగా తోచే ఈ సంగతి ఆ రోజుల్లో ఎంత కొత్తదో ఊహించుకోవాలి.

అసలు నైపుణ్యం తలుపు తీశాక కనిపిస్తుంది. చాలా అరల్లో పుస్తకాలు రెండు వరసలు. పొడుగువి వెనక, పొట్టివి ముందు. ముందు వరస తలల మీదుగా వెనక పుస్తకాల వెన్నులు పైకి వచ్చి, వాటి పేర్లు కూడా చదవడానికి వీలుగా ఉంటాయి. రెండు వరసలు పెట్టే ఇళ్లు మన దగ్గర కొల్లలు. కానీ వెనకదేదో ముందు వరస తీస్తే గాని తెలియదు, చివరికి అది ఉందన్న సంగతే మరిచిపోయి ఇంకో ప్రతి కొంటాం. పీప్స్ బీరువాలో దాగిన పుస్తకం లేదు. చోటు కలిసొచ్చింది, చూపుకు ఏమీ తగ్గలేదు.

ఇంకా దగ్గరగా చూస్తే మరో ముచ్చట. వరసలో తోటి పుస్తకాల కంటే కాస్త పొట్టిగా ఉన్న వాటి కింద ఒక చెక్క దిమ్మ ఉంటుంది. పుస్తకం దాని మీద నిలబడి పక్క పుస్తకంతో సమానమవుతుంది. ఆ దిమ్మలను వట్టి కర్రగా వదిలెయ్యలేదు. వాటి ముఖానికి పుస్తకానికి వేసిన లాంటి తోలే తొడిగి, మీద బంగారు గీతలు అద్దించాడు. దూరం నుంచి చూస్తే దిమ్మ ఎక్కడ ముగిసిందో, పుస్తకం ఎక్కడ మొదలైందో తేలదు. ఎత్తుల తేడా ఎంతో కొలిచి, దానికి సరిపడా దిమ్మ కోయించి, తోలు రంగు కుదిర్చి చేయించడమంటే ఎంత ఓపిక కావాలి! చోటు ఆదా చేయడానికి ఆ దిమ్మలు అక్కర్లేదు. అది అచ్చంగా పుస్తకాల మీది ప్రేమ.

పుస్తకాలకు అంకెలు కూడా ఎత్తును బట్టే. అన్నిటికంటే చిన్న పుస్తకం ఒకటో నంబరు. అక్కణ్ణుంచి పెరుగుతూ 3,000 దాకా. ఒకే ఎత్తువి ఒక చోట చేరితే అరకీ అరకీ మధ్య వృథా చోటు ఉండదు. కాని నౌకాయానం పక్కన నాటకం, దాని పక్కన వేదాంతం నిలబడతాయి. దానికి విరుగుడుగా పీప్స్ కేటలాగు రాయించాడు. అంశం కేటలాగులో వెతుక్కోవాలి, అరలో నంబరు చూసుకోవాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం మన ఇళ్లకు ఆయన దారి పూర్తిగా నప్పదంటాను. శ్రీశ్రీ పక్కన కృష్ణశాస్త్రి కనిపించాలని కోరుకునే వాళ్లం మనం. బీరువా మొత్తాన్ని ఎత్తుకు కట్టెయ్యక్కర్లేదు. ఒక్కో అరలో ఎత్తును పాటిస్తే చాలు. ఎక్కడా పట్టని మరీ పెద్ద సంపుటాలకు పీప్స్ తన రాతబల్ల కింది భాగాన్నే అరలుగా మార్చుకున్నాడు. కాళ్లు పెట్టుకోగా మిగిలే ఖాళీని కూడా ఆయన వదల్లేదు.

పీప్స్ 1703లో పోయాడు. ఆయన వీలునామా ప్రకారం, మేనల్లుడు జాన్ జాక్సన్ తర్వాత 1724లో గ్రంథాలయం మాగ్డలీన్ కాలేజీకి చేరింది. ఒక పుస్తకం చేర్చకూడదు, ఒకటి తియ్యకూడదు అన్నది షరతు. ఆ అరల్లోనే షార్ట్‌హాండ్‌లో రాసిన ఆరు సంపుటాల డైరీ కూడా ఉంది. దాన్ని విడమరిచి అచ్చు వేసింది 1825లో. ఈ బీరువాలు ఎలా పుట్టాయో మనకు తెలుస్తున్నదీ, ఆ కథ నూరేళ్లు భద్రంగా దాగినదీ ఒకే చోట.

తర్వాత ఈ సమస్యను అంత పట్టుదలతో పట్టించుకున్నది బ్రిటన్‌కు నాలుగుసార్లు ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్. 1890లో ఆయన పుస్తకాలకు ఇల్లు కట్టడం గురించి ఒక వ్యాసమే రాశాడు. బీరువాలను గోడకు ఆనించకుండా గోడ నుంచి గదిలోకి అడ్డంగా నిలబెట్టి రెండు వైపులా పుస్తకాలు పెట్టమన్నాడు. మరీ ఎక్కువైతే బీరువాలను పట్టాల మీద పక్కపక్కనే ఇరికించి, కావాల్సినదాన్ని బయటికి లాగమన్నాడు. ఆ ఆలోచనతోనే ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీకి భూగర్భ గిడ్డంగి కట్టారు. గొప్ప ఆలోచనే గాని అది సంస్థలకు పనికొచ్చేది. రెండు పడకగదుల ఇంటికి పీప్స్ పద్ధతే తగినది.

మన పాత ఇళ్లలో ఈ అవసరం గూటితో తీరేది. మట్టిగోడ అడుగున్నర, రెండడుగుల మందం ఉండేది కాబట్టి గోడలోనే గూడు తొలిచి, నేల మీద జానెడు చోటు కూడా పోకుండా పుస్తకాలు పెట్టేవాళ్లు. ఇప్పటి ఇటుక గోడ తొమ్మిది అంగుళాలు, గదుల మధ్య అయితే నాలుగున్నర. ఇక అందులో గూడెక్కడ? అందుకే బీరువా లోతు గురించి జాగ్రత్తగా ఆలోచించాలి. మన కార్పెంటర్లు అలవాటు కొద్దీ పన్నెండు, పదిహేను అంగుళాల లోతు పెట్టేస్తారు. క్రౌన్ సైజు పుస్తకం వెడల్పు ఐదు అంగుళాలు, డెమ్మీ ఐదున్నర. అంటే సగానికి పైగా లోతు గాలికే.

పన్నెండు అంగుళాల బీరువాలో పీప్స్ పద్ధతి చక్కగా ఇముడుతుంది. అర వెనక సగంలో మూడున్నర అంగుళాల ఎత్తు మెట్టు చేయించండి. మిగిలిన ప్లైవుడ్ ముక్కలతోనే అవుతుంది. మేకులు కొట్టకుండా ఊరికే పెట్టిస్తే రేపు తియ్యొచ్చు, మార్చొచ్చు. మెట్టు మీద ఎనిమిదిన్నర అంగుళాల డెమ్మీ, ముందు ఏడున్నర అంగుళాల క్రౌన్ నిలబెడితే వెనకవి నాలుగున్నర అంగుళాలు పైకి కనిపిస్తాయి. పేరు, రచయిత చదవడానికి అది చాలు. అరల మధ్య పదమూడు అంగుళాలు వదిలితే ఏడడుగుల బీరువాలో ఆరు అరలు, పన్నెండు వరసలు. అదే బీరువాలో అరల మధ్య తొమ్మిది అంగుళాలు వదిలి ఒక్కో వరసే పెడితే ఎనిమిది వరసలు వస్తాయి. పుస్తకాలు ఒకటిన్నర రెట్లు పట్టాయన్నమాట.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. అడుగు పొడవున డెమ్మీ పుస్తకాలు ఏడు కిలోలు తూగుతాయి. రెండు వరసలకు బరువు రెట్టింపు. మూడడుగుల అర అయితే ఏడాది తిరక్కుండా నడుం వంచుతుంది. పందొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయినా సరే రెండడుగులకో నిలువు చెక్క ఉండాలి. అర ముందంచుకి అంగుళన్నర టేకు రీపరు అతికిస్తే బలం, అందం రెండూ వస్తాయి. కోస్తాలో ఉండేవాళ్లు బీరువా వీపును గోడకు తగిలించకుండా రెండంగుళాలు వదలాలి. నెమ్ము గోడ నుంచి చెక్కకు, చెక్క నుంచి కాగితానికి పాకుతుంది. దాని వెనకే చెదలు వస్తాయి.

చాలామంది కార్పెంటర్ రాగానే గోడ చూపించి కొలవమంటారు. ఈసారి కొలత పుస్తకాల దగ్గర మొదలుపెట్టండి. క్రౌన్‌వి ఎన్ని, డెమ్మీవి ఎన్ని, రెంటిలోనూ పట్టని పెద్దవి ఎన్ని అని ఒక కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. ఆ తర్వాత గోడ చూపించండి.