పైపులో వేరు

"ఆ జాయింటుకి సిమెంటు లేదు సూడు," అన్నాడు మా నాన్న.

మిగతావాళ్ళం తెర మీద మనుషుల్ని చూస్తున్నాం. ఆయన పైపుని చూస్తున్నాడు.

2025 ఏప్రిల్ 14, సోమవారం. అంబేద్కర్ జయంతి సెలవు. బిలాస్‌పూర్‌లో సెలవంటే ఆఫీసులకే, బండి నడిపేవాడికి కాదు. మా మేనల్లుడు అసిస్టెంట్ లోకో పైలట్. కోర్బా వైపు నుంచి బొగ్గు బండి పట్టుకుని తెల్లవారుజామున దిగాడు, మధ్యాహ్నం దాకా పడుకున్నాడు. వాడి చెల్లెలిది పొద్దుట్నుంచీ ఒకటే గోల. 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండో సీజన్ ఇవాళే మొదలు, ఇంటిల్లిపాదీ కూర్చోవాల్సిందేనని. అమెరికాలో ఆదివారం రాత్రి హెచ్‌బీఓలో వేసింది మనకి సోమవారం పొద్దున్నే జియోహాట్‌స్టార్‌లోకి వచ్చేసింది. సాయంత్రం తోర్వా పేటలో మా అన్నయ్య ఇంటి ముందుగదిలో నాన్న, వదిన, పిల్లలిద్దరూ, పక్కింటి సాహు భాభీ, నేను కూర్చున్నాం. అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు. ఇంగ్లీషులోనే పెట్టుకున్నాం. అర్థం చెప్పే బాధ్యత మేనకోడలిది. సగం తెలుగు, సగం హిందీ, మధ్యమధ్య "ఉండండి, ఉండండి" అని.

కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. చీమ ఒంట్లో దూరి దాన్ని తన ఇష్టానికి ఆడించి చంపే బూజు ప్రకృతిలో నిజంగానే ఉంది. అది మనిషికి సోకితే? 2003లో సోకిందనీ, లోకం కూలిపోయిందనీ ఈ కథ. జోయెల్ అనే మొరటు మనిషి, ఆ బూజు పట్టని ఎల్లీ అనే పిల్లని దేశం ఆ చివరికి చేర్చాలి. చేర్చాక, మందు కోసం ఆ పిల్ల ప్రాణం తీయక తప్పదని తెలిసి, ఆసుపత్రిలో అడ్డొచ్చినవాళ్ళని చంపి దాన్ని ఎత్తుకొచ్చేస్తాడు. పిల్లకి మాత్రం అబద్ధం చెబుతాడు. మొదటి సీజన్ అక్కడాగింది. రెండోది ఐదేళ్ళ తర్వాత, జాక్సన్ అనే చుట్టూ గోడ కట్టుకున్న ఊళ్ళో మొదలవుతుంది. పిల్లకి పంతొమ్మిదేళ్ళు. తండ్రిలాంటి ఆ మనిషితో మాటల్లేవు.

నా అలవాటు ఒకటి ఇక్కడ చెప్పాలి. టీవీ ముందు కూర్చున్నవాళ్ళు అన్న మాటల్ని నేను నోట్‌బుక్కులో రాసుకుంటాను. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం మొదలైన ఆదివారం మొదలుపెట్టాను. అప్పట్లో రైల్వే కాలనీలో మా వరసకంతటికీ ఒక్కటే టీవీ. ఆ గదిలో చెప్పుల గుట్ట, అగరొత్తుల పొగ. పలాస దగ్గర తోలుబొమ్మలాటలు చూసి పెరిగిన మా నాయనమ్మ కాసేపు చూసి, "ఈ రాముడు మాటాడక ముందే నవ్వేత్తన్నాడేటే?" అంది. ఆ వారమంతా రాముడిగా వేసిన అరుణ్ గోవిల్ నవ్వు గురించి పేపర్లలో ఎవరేం రాశారో నాకు గుర్తులేదు. నాయనమ్మ మాట మాత్రం నోట్‌బుక్కు మొదటి పేజీలో ఉంది. అన్నది అన్నట్టే రాయాలి, ఆ రాత్రే రాయాలి, నా అభిప్రాయం కలపకూడదు. మూడోది ఇప్పటికీ చేతకాదు.

మొదటి ఎపిసోడ్ చూసి తీర్పు చెప్పేవాళ్ళంటే నాకు పడదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూడొచ్చు, ఎసట్లో బియ్యం పోసిన మరుక్షణం పట్టుకుంటే ఏం తెలుస్తుంది? అయితే మొదటి ఎపిసోడ్‌లో చూసేవాళ్ళ సంగతి బాగా తెలుస్తుంది. అప్పటికింకా ఎవరి పక్షం వహించాలో తెలియదు. కథ నోరు మూయించకముందు మనిషి తన మాట తను మాట్లాడతాడు.

ఎల్లీగా వేసిన బెల్లా రామ్సీ పంతొమ్మిదేళ్ళ పిల్లలా లేదని దేశదేశాల్లో సణుగుడు. మా వదిన కూడా మొదట అదే అంది. కాసేపాగి, "తిండెక్కడిదే దానికి? ఎదగమంటే ఎలగెదుగుద్ది?" అని తన ఆక్షేపణకి తనే జవాబు చెప్పేసుకుంది. ఇరవై ఏళ్ళుగా స్కూలు పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతున్న మనిషి. పిల్లల మణికట్టు చూసి వయసు కాదు, రేషను చెప్పగలదు.

గెయిల్ అనే మానసిక వైద్యురాలి దగ్గరికి జోయెల్ వెళతాడు. ఫీజు కింద ఓ సంచీ గంజాయి ఇస్తాడు. "లోకం మునిగినా డాక్టరు ఫీజు మునగలేదు," అన్నాడు మేనల్లుడు. అందరం నవ్వాం. ఆవిడ భర్తని చంపింది తన ముందు కూర్చున్న ఈ మనిషేనని తెలిశాక ఎవరూ నవ్వలేదు.

వాడు గట్టిగా అన్న మాట ఇంకొకటుంది. ఎల్లీ, ఆమె స్నేహితురాలు దీనా పాడుబడ్డ సూపర్‌మార్కెట్‌లో దూరతారు. లోపల ఎదురైన బూజు పట్టిన ఆకారం వెంటనే మీద పడదు, నక్కి చూస్తుంది. అందరికీ ఒళ్ళు జలదరించింది దానికే. వాడికి కోపం వచ్చింది మాత్రం వేరే దానికి. "ఒకరికొకరు పిలుచుకోరేటి?" అన్నాడు. ఇంజన్లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనబడగానే ఒకడు పచ్చ అని పైకి చెప్పాలి, రెండోవాడు తిరిగి చెప్పాలి. చేయి చాపి చూపిస్తూ చెప్పాలి. కనబడింది కదా అని మనసులో అనుకుంటే కుదరదు. రాత్రి మూడింటికి నిద్ర కమ్ముకొచ్చేటప్పుడు మనిషిని కాపాడేది ఆ అరుపే. ఆ పిల్లలిద్దరూ జోకులేసుకుంటూ లోపలికి పోతుంటే వీడు సోఫా అంచు పట్టుకుని, "పిలవండే, పిలవండి," అంటున్నాడు.

ఈ రైల్వే ఊరికి మేం ఎలా వచ్చామో పాతికసార్లు రాశాను గనక ఇప్పుడు క్లుప్తంగానే చెబుతాను. మమ్మల్ని తెచ్చింది 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే, మనం బీఎన్నార్ అనేది. 1931లో రాయపూర్ - విజయనగరం లైను పూర్తయ్యాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్ళు ఇటు బండెక్కడం సులువైంది. తాతయ్య ఖలాసీ, నాన్న ఇంజనీరింగ్ శాఖలో పైప్ ఫిట్టర్, అన్నయ్య పాయింట్స్‌మన్‌. ఇప్పటికీ విశాఖ నుంచి కోర్బా వెళ్ళే లింక్ ఎక్స్‌ప్రెస్ మాకు పుట్టింటి బండి. ఎండాకాలం ఇక్కడి బారా ఖోలీలో సోలాపురి మాత పూజకి వెళితే సగం శ్రీకాకుళం అక్కడే కనబడుతుంది.

ఎందుకు చెబుతున్నానంటే, తెర మీద జాక్సన్ ఊరు మాకు వింతగా లేదు. గోడ లోపల సొంత నీళ్ళు, సొంత కరెంటు, సొంత బడి, కాపలా డ్యూటీ చార్టు. ఎవరు ఏ షిఫ్టో బోర్డు మీద రాసుంటుంది. ఇదేం లోకాంతం, రైల్వే కాలనీ కదా! డిసెంబరు 31 రాత్రి హాల్లో బ్యాండు పెట్టి డాన్సు కూడా. నాన్న చిన్నతనంలో రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆంగ్లో ఇండియన్లు ఇలాగే ఆడేవాళ్ళట. ఈయన కిటికీ బయట నిలబడి చూసేవాడట.

ఆ డాన్సులోనే ఎల్లీ, దీనా ముద్దు పెట్టుకున్నారు. మేనకోడలు తెర వదిలేసి మా ముఖాలు చూస్తోంది, ఎవరేమంటారోనని. సాహు భాభీ కొంగు సర్దుకుని టీ కప్పు అందుకుంది. వదిన మేనల్లుడి కేసి చూసింది. నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఆ హాలుకి కరెంటెక్కడిదే?" అన్నాడు.

"డ్యాం ఉంది తాతా," అంది అది. ఊపిరి వదిలింది.

గొడవ ఆ తర్వాత వచ్చింది. ఓ ముసలాయన ఆ పిల్లల్ని నోటికొచ్చినట్టు అంటాడు, జోయెల్ పరిగెత్తుకొచ్చి వాడిని తోసేస్తాడు. ఎల్లీ నలుగురిలో జోయెల్ మీదే అరుస్తుంది, నీ సాయం అక్కర్లేదని. "తప్పు కదేటి? కాసుకున్నోడి మీద అరుస్తాదా?" అంది వదిన. "సాయం ఎవరడిగారమ్మా?" అంది కూతురు. "అడిగితేనే సెయ్యాలేటి?" "అడక్కుండా చేసేదాన్ని ఏమంటారో తెలుసా?" ఇక అది తెర గురించి కాదని గదిలో అందరికీ అర్థమైంది. దీన్ని రాయనా వద్దా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. రాశాను. వదినకి చూపించాకే ఇక్కడ వేస్తున్నాను. "ఎయ్యు, ఊళ్ళో అందరిళ్ళల్లోనూ ఉన్నదేగా," అంది.

సాహు భాభీ అంతసేపూ ఒక్క మాటే అంది. కొత్తగా వచ్చే శరణార్థులకి ఊళ్ళో చోటు లేదు, కొన్నాళ్ళు గేటు మూద్దాం అంటాడు జోయెల్. "నువ్వూ ఒకప్పుడు అలా వచ్చినవాడివే," అన్న అర్థంలో మరదలు మరియా జవాబిస్తుంది. మేనకోడలు ఇది చెప్పగానే భాభీ, "గేట్ ఖోల్ దో నా," అంది, ఎదురుగా ఉన్నవాళ్ళతో అన్నట్టు. కరోనాకి 2020 మార్చి 22 అర్ధరాత్రి నుంచి ప్యాసింజర్ బళ్ళు ఆగిపోయినప్పుడు ఈ ఊరికి నిద్ర పట్టలేదు. బొగ్గు బళ్ళు పోతూనే ఉన్నాయి. అనౌన్స్‌మెంట్ లేదు, చాయ్ కేక లేదు. మే నెలలో శ్రామిక్ స్పెషల్ బళ్ళు వచ్చాయి, వలస కూలీలని వెనక్కి తెచ్చి. అలా దిగినవాళ్ళలో భాభీ తమ్ముడూ మరదలూ ఉన్నారు, ముంగేలీ వైపు వాళ్ళది. సొంత ఊరు చేరాక పద్నాలుగు రోజులు బడిలో ఉంచారు. భాభీ అన్నం క్యారియరు కట్టి పంపితే గేటు ఇవతల పెట్టి రావాల్సి వచ్చిందట. ఆ నాలుగు మాటలకి వెనక ఇంతుంది. మాకెవరికీ అడగాలనిపించలేదు, తనే మర్నాడు గోడ మీంచి చెప్పింది.

ఈ ఎపిసోడ్‌ని మొదటి రాత్రి అమెరికాలో 53 లక్షల మంది చూశారన్నారు, తొలి సీజన్ ఆరంభానికి 47 లక్షలు. అంకెలకి నోరుండదు. 2016 అక్టోబరు 23న 'ది వాకింగ్ డెడ్' ఏడో సీజన్ మొదటి భాగం కోటీ 70 లక్షల మంది చూశారు. అంతకుముందు ఏప్రిల్‌లో, బ్యాటు ఎవరి నెత్తిన పడిందో చూపకుండా సీజన్ ముగించి, ఆరు నెలలు ఊరించి, తీరా ఇద్దరు ఇష్టుల తలలు నుజ్జు చేసి చూపించారు. మరుసటి వారం చూసినవాళ్ళు కోటీ 25 లక్షలకి పడిపోయారు. నెత్తుటికి భయపడి వెళ్ళినవాళ్ళు కొందరుంటారు. ఎక్కువమంది తమని ఆటాడించారన్న ఉక్రోషంతో వెళ్ళారని నా అనుమానం. బిలాస్‌పూర్‌లో బండి లేటైనందుకు ఎవరూ గొడవపడరు, పది నిమిషాల్లో వస్తుందని మూడు గంటలు చెప్పినందుకు పడతారు. ఇక 1983లో అణుయుద్ధం మీద 'ది డే ఆఫ్టర్' అనే టీవీ చిత్రం వచ్చింది. దాన్ని ముందే చూసిన అధ్యక్షుడు రీగన్ దిగులు పట్టుకుందని డైరీలో రాసుకున్నాడు. నోట్‌బుక్కు అలవాటు నా ఒక్కదానికే కాదన్నమాట, ఆయన సొంతది రాసుకున్నాడు, అంతే తేడా.

మళ్ళీ పైపు దగ్గరికి. ఎపిసోడ్ మధ్యలో ఎక్కడో పనివాళ్ళు తవ్వి తీసిన పాత పైపు కనబడుతుంది, లోపల వేళ్ళు కిక్కిరిసి. రెండు క్షణాలు. మేమంతా వదిలేశాం. నాన్న అప్పుడే సిమెంటు మాట అన్నాడు, అక్కడితో ఆగలేదు. ఆయన సర్వీసులో కాలనీ మురుగంతా కాల్చిన మట్టి పైపుల్లో పోయేది. ఒకదాని నోట్లో ఒకటి దూర్చి, సందులో సుత్లీ కుక్కి, పైన సిమెంటు పూసేవాళ్ళు. ఆ పూత వెంట్రుక మందం చీలితే చాలు. రావిచెట్టు ఇరవై అడుగుల అవతలున్నా తడి వాసన పట్టేస్తుంది. దారంలాంటి వేరు దూరుతుంది. లోపల నీళ్ళు, ఎరువు, చీకటి. ఏడాది తిరిగేసరికి పైపంతా పట్టేస్తుంది. వెదురు బద్దతో పొడిచి లాగితే గుర్రం తోకంత వస్తుందట. "పైన సూస్తే ఏటీ తెలీదు. క్వార్టర్లో బాత్రూం నిండినప్పుడే తెలుస్తాది," అన్నాడు. మేనకోడలు "తాతా, ష్" అంది.

చివర్లో మళ్ళీ అదే పైపు. ఊళ్ళో కొత్త సంవత్సరం సంబరం రాత్రే, గోడ లోపల, నేల కింద, పగిలిన చోట సన్నటి వేళ్ళలాంటివి కదిలాయి. అది బూజు. పేర్లు పడుతుంటే గదిలో ఎవరూ మాట్లాడలేదు. నాన్న మాత్రం, "మనిషిని పెట్టి గోడ కాసుకున్నారు. కింద ఎవుడు సూడాల?" అన్నాడు.

తర్వాతి సోమవారం ఏమైందో చూసినవాళ్ళకి తెలుసు. చూడబోయేవాళ్ళ నోటి దగ్గర కూడు నేను లాక్కోను.

మంగళవారం పొద్దున్నే పెరట్లో గునపం చప్పుడైంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి ఛాంబర్ మూత సందులో గునపం పెట్టి ఎత్తబోతున్నాడు. మేనల్లుడికి అప్పుడే డ్యూటీ ఫోనొచ్చింది, ఒక కాలు బూటులో, ఒకటి చెప్పులో ఉంది. అలాగే వచ్చి మూత ఎత్తాడు. వంగి చూశాం, వదిన, నేను, గోడ మీంచి సాహు భాభీ. వేరు ఉంది. జానెడు పొడుగు, నల్లగా, కొసలు చీలి. కాసేపలాగే చూశాం. కదల్లేదు.

నాన్న వెదురు బద్ద అడిగాడు.