వీధే అసలు కట్టడం: చార్మినార్ నుంచి మూసీ దాకా

హైదరాబాద్ పాతబస్తీకి వచ్చేవారిలో చాలామంది చార్మినార్ ముందు ఫోటో దిగి, లాడ్‌బజార్‌లో గాజులు కొనుక్కుని తిరిగి ఆటో ఎక్కేస్తారు. అక్కడి నుంచి ఉత్తరంగా మూసీ ఒడ్డు వరకు ఉన్న దారి కిలోమీటరున్నరకు మించదు. మూడు శతాబ్దాలు దాటిన నిర్మాణ సంప్రదాయమంతా ఆ కాస్త దూరంలోనే వరసగా కనిపిస్తుంది. గైడు అక్కర్లేదు, టికెట్టు అక్కర్లేదు. దుకాణాల షట్టర్లు ఇంకా తెరవని పొద్దుటిపూట తలెత్తి నడిస్తే చాలు. ఇక్కడి గొప్పతనం ఏ ఒక్క కట్టడానిదీ కాదు, వాటన్నిటినీ ఒక్క తీరులో కలిపిన వీధిది. ఆ కలయిక నడిచేవారికే తెలుస్తుంది.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినార్‌నే చూడండి. నాలుగు వైపులా సుమారు 11 మీటర్ల వెడల్పున్న కమాన్లు నాలుగు దారుల వైపు తెరుచుకుంటాయి. అంటే నగరం నడిచే చౌరస్తానే ఆ కట్టడానికి కేంద్రం. ఒళ్లు రాయీ డంగు సున్నమూ, సింగారం గచ్చు. సున్నాన్ని నానబెట్టి, ఇసుకతో కలిపి బాగా నూరి, పొరలు పొరలుగా పూసి, తడి ఆరకముందే పువ్వులూ లతలూ చెక్కేవారు. దక్కను గట్టిరాయి మీద అంత సన్నని పని కష్టం కాబట్టి బరువు మోసే పని రాతికి, అందం తెచ్చే పని సున్నానికి అప్పగించారు. కాస్త ముందుకు నడిస్తే గుల్జార్‌హౌజ్ అనే ఫౌంటెన్, దాని చుట్టూ నాలుగు దిక్కులా చార్‌కమాన్ అనే నాలుగు పెద్ద కమాన్లు. ఆ హౌజ్ దగ్గర ఆగి దక్షిణంగా చూస్తే, వాటిలో ఒకటైన చార్మినార్ కమాను మధ్యలో చార్మినార్ కనబడుతుంది. ఎంత దూరంలో నిలబడితే ఏది ఎలా కనిపించాలో లెక్క వేసుకుని కట్టిన నగరం ఇది.

ఉత్తరాన మచిలీ కమాన్ దాటగానే కాలం మారుతుంది, తీరు మారదు. 1908 మూసీ వరదలు నగరాన్ని ముంచెత్తాక, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చేపట్టిన పనుల్లో పత్తర్‌గట్టి ఒకటి. రోడ్డుకు రెండు వైపులా రాతి కట్టడాలు, కింద దుకాణాలు, వాటి ముందు కమాన్ల వరస. చార్మినార్‌లో ఆకాశాన్నంటిన కమానే ఇక్కడ మనిషి ఎత్తుకు దిగివచ్చి, ఎండకూ వానకూ నీడైంది. మూసీ మీది నయాపూల్ వంతెన చేరితే దక్షిణపు ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు, అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. అదే కమాను, అదే గుమ్మటం ఇప్పుడు న్యాయానికీ వైద్యానికీ గూడయ్యాయి.

ఈ చివరి భవనాల రూపశిల్పి విన్సెంట్ ఎష్ ఆంగ్లేయుడు కదా, ఇది వలసపాలకుల అనుకరణే తప్ప మన సంప్రదాయం ఎలా అవుతుందని కొందరి అభ్యంతరం. కలకత్తా విక్టోరియా మెమోరియల్ నిర్మాణంలో పనిచేసిన ఎష్ ఇక్కడికి పరాయివాడే. కానీ కట్టించింది నిజాం ప్రభుత్వం, హైకోర్టు నక్షా గీసింది జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్. గోల్కొండ నేలకు ఇరానీ పోకడలను తెచ్చి కలిపిన కుతుబ్‌షాహీల కాలం నుంచీ ఈ ఊరి పద్ధతి అదే. బయటి నుంచి వచ్చినదాన్ని ఇక్కడి రాయికీ సున్నానికీ ఎండకూ తగ్గట్టు మలచుకోవడమే ఈ సంప్రదాయపు స్వభావం.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. ఇరుకు బజారులో, పెచ్చులూడే గోడల మధ్య జనం అవస్థ పడుతుంటే పాత కమాన్లను పట్టుకుని వేలాడటం దేనికని అడుగుతారు. ఉస్మానియా పాత భవనంలోకి 2020లో వాననీరు చేరాక రోగులను తరలించాల్సి వచ్చింది. రోగుల ప్రాణాల కంటే ఏ గోడా ఎక్కువ కాదు, కొత్త ఆసుపత్రి కావాల్సిందే. అయితే పాతదాన్ని కూల్చడానికి అది కారణం కాదు. సున్నపు గోడ తేమను పీల్చుకుని తిరిగి గాలికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని, పూత గోడను విడిచి ఊడుతుంది. పైకప్పు నీటి కాలువలు శుభ్రం చేయకపోవడం, సున్నం ఉన్నచోట సిమెంటు మెత్తడం వంటి నిర్లక్ష్యాలకు వయసును నిందించడం న్యాయం కాదు. పైగా పత్తర్‌గట్టి ఈనాటికీ కట్టిన పనికే, బేరసారాలకే, వాడుకలో ఉంది. వందేళ్లుగా బతుకుతెరువు చూపిస్తున్న కట్టడాన్ని పనికిరానిదనడం ఎలా?

చార్మినార్‌ను కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతోంది. అంతటితో సరిపెట్టుకుంటే వాక్యంలో ఒక్క మాటను దాచి మిగతాదంతా చెరిపేసినట్టే. కమాన్లను కప్పేసిన బోర్డులు తీయించాలి, వరండాలు నడిచేవారికి దక్కాలి, డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీలకు ఏటా పని దొరకాలి. వీధిని మొత్తంగా ఒకే కట్టడమనుకుని బాగుచేసినప్పుడే చార్మినార్‌కు కూడా పూర్తి అర్థం ఉంటుంది.