రాయి మాట వినే చేతులు

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో, త్రెన్యీ ఊరికి దగ్గర్లో, అడవి నడుమ ఒక కోట లేస్తోంది. పాతదానికి మరమ్మతు కాదు, పునాది రాయి నుంచీ కొత్తదే. పేరు గెదెలోన్. 1997లో మొదలైన పని ఇంకా సాగుతూనే ఉంది. సిమెంటు లేదు, కరెంటు రంపం లేదు. 13వ శతాబ్దపు మేస్త్రీకి ఏ పనిముట్లు ఉండేవో అవే. పక్కనే ఉన్న సాఫార్జో కోటను బాగుచేయించిన మిషెల్ గ్యుయో, మరిలీన్ మార్తాతో కలిసి దీన్ని తలకెత్తుకున్నారు. ఖర్చు ఇప్పుడు చూడవచ్చేవాళ్ల టికెట్ల మీదే వెళ్లిపోతోంది. ఈ కాలానికి తలవంచింది భద్రత దగ్గరే: గట్టి బూట్లు, కళ్లకు అద్దాలు.

కోట లేస్తున్నది పాత క్వారీలోనే కాబట్టి రాయి కోసం దూరం పోనక్కర్లేదు. ఇనుము కలిసిన ఇసుకరాయి, తుప్పు రంగు, మహా గట్టిది. క్వారీ పనివాడు రాగానే సమ్మెట ఎత్తడు. బండ చుట్టూ తిరుగుతాడు, సుత్తితో తట్టి వింటాడు. ఖంగుమంటే మంచి రాయి. చప్పుడు మూగగా వస్తే లోపల పగులుందని అర్థం. కుండ కొనేటప్పుడు మన అమ్మమ్మలు వేలితో కొట్టి చూసే విద్యే ఇది.

తర్వాత రాతి పొర ఎటు సాగుతోందో చూసుకుని, ఆ వరసలో గుంటలు తొలుస్తాడు. ఒక్కో గుంటలో ఒక ఇనుప మేకు దిగేస్తాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి, మేకుకో దెబ్బ చొప్పున కొట్టుకుంటూ పోతాడు, మళ్లీ మొదటికొస్తాడు. తొందరపడి ఒకేచోట బాదితే రాయి తనకిష్టమైన చోట విరుగుతుంది. నాలుగైదు విడతలయ్యాక చప్పుడు మారుతుంది. అక్కడ చెయ్యి ఆగుతుంది. వెంట్రుకంత గీత ఒకటి ఈ మేకు నుంచి ఆ మేకుకు పాకుతుంది, బండ రెండుగా విచ్చుకుంటుంది. మన దగ్గర రాళ్లు కొట్టేవాళ్లకు ఈ వరస కొత్త కాదు.

ఇంత గట్టి రాతి మీద ఉలి మొన ఎంతోసేపు నిలవదు. అందుకే కొలిమి చల్లారితే క్వారీలోనూ గోడ మీదా పని ఆగినట్టే. కమ్మరి మొనలు సాగదీసి, పదును పెట్టి పంపుతూనే ఉండాలి.

కొలతకు టేపు లేదు, తాడుంది. పదమూడు ముడులు, వాటి మధ్య పన్నెండు సమాన భాగాలు. మూడు, నాలుగు, ఐదు భాగాల చొప్పున ముక్కోణంగా లాగి పట్టుకుంటే మూలమట్టం చేతికొచ్చినట్టే. మిగతా కొలతలు బెత్తె, జాన, అడుగు, మూర. వాళ్ల భాషలో పేర్లు వేరే గాని, కొలబద్ద అక్కడా ఇక్కడా మనిషి ఒళ్లే. చెక్కిన రాళ్లను పైకి చేర్చేది నడక. మనిషి పట్టేంత చెక్క చక్రంలో పనివాడు అడుగులు వేస్తుంటే, తాడు ఇరుసుకు చుట్టుకుంటూ బరువు లేస్తుంది.

అన్నిటికన్నా గుండె దడదడలాడే పని కమాను. ముందు చెక్కతో సెంట్రింగ్ కడతారు. దాని మీద రెండు వైపుల నుంచీ రాళ్లు పేర్చుకొస్తారు. నడినెత్తి రాయి పడేదాకా బరువంతా చెక్కదే. సున్నం నిదానంగా గట్టిపడుతుంది గనక ఆగాలి. ఆ తర్వాత సెంట్రింగ్ కింద బిగించిన చెక్క ముక్కలను కొద్దికొద్దిగా సడలిస్తారు. చెక్క కిందికి దిగుతుంది. రాళ్లు మాత్రం ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడతాయి. ఏ రాయి వాలు తప్పినా తెలిసిపోయేది ఆ క్షణంలోనే.

కార్లు తిరిగే కాలంలో ఇదంతా ఎందుకని అడిగేవాళ్లుంటారు. 2019 ఏప్రిల్‌లో పారిస్ నోత్రదామ్ చర్చి పైకప్పు కాలిపోయింది. ఓక్ దూలాలను పాత పద్ధతిలోనే, గొడ్డలితో చెక్కి నిలబెట్టాలని నిర్ణయించారు. గెదెలోన్‌లో చెయ్యి తిరిగిన వడ్రంగులు కొందరు ఆ పనికి వెళ్లారు. 2024 డిసెంబరులో చర్చి తలుపులు తెరుచుకున్నాయి. కాలిన దూలాల కొలతలు కాగితాల మీద ఉన్నాయి. గొడ్డలి ఏ వాలున పడాలో కాగితం చెప్పదు. అది తెలిసినవాళ్లు అడవిలో, పూర్తికాని ఒక కోట దగ్గర దొరికారు.