రామానుజుని 289వ ప్రశ్న

1911లో భారత గణిత సంఘపు పత్రికలో రామానుజుడు ముఖపరిచయము లేని పాఠకుల నిట్లడిగెను: √(1+2√(1+3√(1+4√(1+…)))) విలువ యెంత? సాధన రాకపోగా తానే పంపెను. 3=√(1+2×4), 4=√(1+3×5), 5=√(1+4×6); ఇట్లే పోనిచ్చి, విలువ 3 అనెను.

ఫలితము సత్యమే, సాధన ముచ్చటైనదే; కాని అసంపూర్ణము. 4=√(1+2×7.5) అని మొదలిడినను ఇదే గొలుసు వచ్చునే! మరి విలువ 4 అందుమా? తరగతిలో ఈ కథ చెప్పు ఉపాధ్యాయుడు ఇచ్చట ఆగవలెను. లోపల మిగులు సంఖ్య మొదటి దానిలో 4, 5, 6గా మెల్లగా పెరుగును. రెండవ దానిలో 7.5, 18.4, 84.5గా ఎగబ్రాకును. ఆ మిగులుకు బదులు 1 ఉంచి గొలుసును క్రమముగా పొడిగించి చూడుడు: 1.73, 2.24, 2.56. విలువ పెరుగుచు, 3ను దాటక, దానినే సమీపించును. దీనిని నిరూపించుటయే సాధనలో విడిచిన భాగము.