వేలు పెట్టి చదివే వకీలు

తాడిపత్రిలో వకీలు ముందు కూర్చున్న ఒకమ్మ అడిగింది: "సార్, మా నాయన 2003లోనే పోయినాడు. తాతల నాటి సేన్లో నాకు భాగముంటాదా?" ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే. హిందూ లా మీద ముల్లా వ్యాఖ్యానం దారి చూపింది, అంతే. అక్కడి నుంచి హిందూ వారసత్వ చట్టం ఆరో సెక్షన్ తెరిచి, అక్షరాల కింద వేలు పెట్టి ఒక్కో మాటా చదివాడు. కూతుళ్లకు సమాన హక్కిచ్చిన సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికుండాలన్న 2015 నాటి తీర్పు దొరికినా ఆగలేదు. అది ఇంకా నిలిచి ఉందా అని వెతికాడు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చిందని తేలింది. ఆ సెక్షన్లోని మినహాయింపు చూసి అడిగాడు: "2004 డిసెంబరు 20కి ముందే భాగాలు రిజిస్టరైనాయా, అమ్మకాలేమన్నా జరిగినాయా అమ్మా?" లేదంది. "అయితే అన్నలతో సమానంగా నీకూ ఉంది." మీ వకీలు జవాబుకు రెండ్రోజులు గడువడిగితే, సంతోషంగా ఇవ్వండి.