మూడు వందల పౌండ్ల ఇల్లు

కిందటేడు లిమసోల్‌లో ఒక కంపెనీ నాకు ఉద్యోగమిస్తానంది. నా స్నేహితురాలు అప్పటికి రెండేళ్ళుగా అక్కడే ఉంటోంది. రోజుకో ఫోటో పంపేది. బాల్కనీ, బాల్కనీలో కుర్చీ, కుర్చీ వెనక సముద్రం. “ఏడాదిలో మూడొందల రోజులు ఎండేనే. మన ఏప్రిల్ ఎండ లాంటిది కాదు, ఒళ్ళో పడుకోబెట్టుకునే ఎండ. ఆలోచించకు, వచ్చేయవే” అనేది. నేను ఆలోచించే రకం. అందులోనూ ఏ ఊరికెళ్ళాలన్నా ముందు ఆ ఊరి గురించి ఒక పుస్తకం చదవకపోతే ఊపిరాడని రకం. ఆదివారం పొద్దున్న ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద లారెన్స్ డరెల్ ‘బిటర్ లెమన్స్’ దొరికింది. అట్ట చిరిగిన పాత పేపర్‌బ్యాక్, అరవై రూపాయలు. బేరమాడకుండా కొన్నాను.

ఎండ కాసే దీవికి వెళ్ళి, పాత ఇల్లు కొని, మేస్త్రీలతో కుస్తీపడి, ఊళ్ళోవాళ్ళతో కలిసి వైన్ తాగే పుస్తకాలు ఇంగ్లీషులో ఒక గుట్టంత ఉన్నాయి. ఆ గుట్టకి అడుగున ఉన్న పెద్ద రాళ్ళలో ఇదొకటి. 1957లో వచ్చింది, అదే ఏడాది డఫ్ కూపర్ ప్రైజ్ కూడా తెచ్చుకుంది. డరెల్ 1953లో సైప్రస్‌లో దిగాడు. అప్పటికది బ్రిటిష్ కాలనీ. ఉత్తర తీరంలో కిరీనియా పైన, కొండ వాలులో ఉన్న బెల్లాపైస్ అనే ఊళ్ళో ఇల్లు కొన్నాడు. 1956 ఆగస్టులో వదిలేసి వెళ్ళిపోయాడు. మధ్యలో జరిగిందే పుస్తకం.

మొదటిసారి దీన్ని నేను బ్రోచర్ చదివినట్టు చదివాను. దాచుకోవడమెందుకు, సంతోషంతో చదివాను. ఇల్లు కొనే అధ్యాయం ఒక్కటి చాలు. సబ్రి అనే టర్కిష్ సైప్రియట్ బ్రోకరు. తొందర అన్నది తెలియని మనిషి, కుర్చీలో కదలకుండా కూర్చునే ఊరంతా నడిపేస్తాడు. ఇంటి ఓనరమ్మ ఒక చెప్పులు కుట్టే ఆయన భార్య. ఆవిడ తాళంచెవిని బల్ల మీద ఠపీమని కొట్టి ఇంటిని పొగుడుతుంది, సబ్రి అదే తాళంచెవిని ఠపీమని కొట్టి తిడతాడు. ఇల్లు మంచిది, ఇల్లు చెడ్డది, మంచిది, చెడ్డది. తాళంచెవి అటూ ఇటూ ఎగురుతుంటే చివరికి ధర మూడు వందల పౌండ్ల దగ్గర ఆగుతుంది. మా నాన్న మా ఊరి ఇల్లు అమ్మినప్పుడు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో రెండు రోజులు గడిపిన అనుభవం నాకుంది. ముగ్గురు అత్తయ్యల సంతకాలు కావాలి, మూడో అత్తయ్య ఆఖరి నిమిషంలో అలిగింది. ఆ అధ్యాయం చదువుతూ ఎంత నవ్వానో చెప్పలేను. సైప్రస్‌లో పాత ఆటోమన్ చట్టాల పుణ్యమా అని నేల ఒకరిది, దాని మీది చెట్టు ఇంకొకరిది, పారే నీళ్ళు మరొకరివి కావచ్చట. మన రెవెన్యూ రికార్డులు చూసినవాళ్ళకి ఇదేం వింత కాదు.

డరెల్ వాక్యం గురించి ఒక మాట చెప్పాలి. అది మత్తుగా ఉంటుంది. వెలుతురు గురించి, సముద్రం రంగు గురించి, నిమ్మచెట్ల వాసన గురించి రాసేటప్పుడు అతనికి పోటీ వచ్చేవాళ్ళు తక్కువ. బెల్లాపైస్‌లో పదమూడో శతాబ్దపు మఠం శిథిలాల పక్కన ఒక చెట్టుంది. దాని కింద కూర్చున్నవాడు ఇంకే పనికీ పనికిరాకుండా పోతాడని ఊళ్ళోవాళ్ళ హెచ్చరిక. ‘సోమరి చెట్టు’ అనుకుందాం. ఇప్పుడక్కడ రెండు హోటళ్ళు, రెండు చెట్లు, మాదే అసలు చెట్టంటే మాదేనని గొడవ. డరెల్ పుస్తకం ఆ ఊరికి చేసిన మేలు అదీ.

రెండోసారి చదివినప్పుడు నన్ను ఆపిన చోటు వేరే ఉంది. మొదటిసారి నవ్వుకుంటూ దాటేసిన చోటే.

డరెల్ ఊరికి కొత్త. వైన్ షాపులో ఫ్రాంగోస్ అనే బండమనిషి తాగి ఇంగ్లీషువాళ్ళని తిడుతూ మీదికొస్తాడు. డరెల్‌కి గ్రీకు బాగా వచ్చు. నెమ్మదిగా, నీ గొంతు తగ్గించు, మా తమ్ముడు థర్మోపిలేలో గ్రీకుల పక్కన నిలబడి పోరాడి చనిపోయాడు, అన్న అర్థంలో ఒక మాటంటాడు. 1941లో జర్మన్లతో జరిగిన యుద్ధం సంగతి అది. షాపంతా నిశ్శబ్దం. ఫ్రాంగోస్ కరిగిపోతాడు. ఆ రోజు నుంచి డరెల్ ఊరివాడు.

మాట పచ్చి అబద్ధం. తమ్ముడు జెరల్డ్ బతికే ఉన్నాడు, జంతువుల్ని పట్టుకుంటూ తిరుగుతున్నాడు. కోర్ఫూ దీవి మీద తమ బాల్యం గురించి 1956లో ‘మై ఫ్యామిలీ అండ్ అదర్ యానిమల్స్’ రాసిన జెరల్డ్ ఇతనే. డరెల్ ఈ అబద్ధాన్ని మన దగ్గర దాచడు. చూశారా ఎలా గెలిచానో అన్నట్టు చెబుతాడు. పాఠకుల్ని తన జట్టులో కలుపుకుంటాడు. నేనూ మొదటిసారి ఆ జట్టులో చేరి నవ్వినదాన్నే. కానీ ఆలోచిస్తే, ఆ ఊళ్ళో అతనికి దక్కిన చనువంతా ఒక చావు మీద కట్టింది, ఆ చావు జరగనిది. ఊరివాళ్ళు నమ్మింది వాళ్ళ యుద్ధాన్ని, వాళ్ళ చచ్చిపోయినవాళ్ళని. దాన్నతను తాళంచెవిలా వాడుకున్నాడు.

పుస్తకంలో మిగతావన్నీ ఈ ఘట్టం దగ్గర నుంచి చూస్తే వేరేగా కనిపించడం మొదలుపెట్టాయి. డబ్బులకి ఇబ్బందిగా ఉండి డరెల్ నికోసియాలోని పాన్‌సైప్రియన్ జిమ్నాసియంలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాడు. అక్కడి పిల్లలు గ్రీసులో కలవాలని, ‘ఎనోసిస్’ కావాలని అరుస్తున్న కాలమది. 1954లో అతను కాలనీ ప్రభుత్వంలో సమాచార శాఖ ఉద్యోగంలో చేరాడు. అంటే, పగలంతా సర్కారు మాటని ప్రపంచానికి వినిపించడం, సాయంత్రం ఊళ్ళో వైన్. 1955 ఏప్రిల్ 1న ఎయోకా బాంబులు మొదలయ్యాయి. ఆ శరదృతువులో ఫీల్డ్ మార్షల్ హార్డింగ్ గవర్నరుగా వచ్చాడు. 1956 మే 10న మిఖాలిస్ కరావోలిస్‌నీ, ఆండ్రియాస్ దిమిత్రియునీ ఉరితీశారు. కరావోలిస్ ఇన్‌కమ్ టాక్స్ ఆఫీసులో గుమాస్తా, ఇరవైల్లో ఉన్న కుర్రాడు. ప్రభుత్వ ఆఫీసులోనే బల్ల దగ్గర కూర్చుని పనిచేసినవాడు. డరెల్ బాధపడతాడు, నిజంగానే. ఆ పేజీల్లో నటన లేదు. కానీ బాధపడేటప్పుడు కూడా అతను ప్రభుత్వం తెలివితక్కువతనాన్ని తిడతాడు తప్ప ప్రభుత్వం అక్కడ ఎందుకుందని అడగడు. స్నేహం, మర్యాద, ఇంకాస్త మంచి అధికారులు ఉంటే చాలు, అంతా సర్దుకునేదని అతని నమ్మకం. ఇది రాజకీయ పుస్తకం కాదని ముందుమాటలోనే చెప్పుకున్నాడు కూడా. సమాచార శాఖ ఉద్యోగి ఆ మాట చెబుతుంటే నాకు కాస్త నవ్వొచ్చింది.

పుస్తకం చివర టాక్సీ డ్రైవరు ఒకడు అంటాడు, ఇంగ్లీషువాళ్ళతో పోరాడుతున్న దిగెనిస్ కూడా లోపల్లోపల వాళ్ళని ప్రేమిస్తూనే ఉన్నాడని. చంపాల్సి వస్తోందే అని బాధపడుతూ చంపుతున్నాడట. దిగెనిస్ అంటే ఎయోకా నాయకుడు గ్రివాస్ మారుపేరు. నిజంగా ఎవరైనా ఈ మాట అన్నారేమో, అనుండవచ్చు. కానీ పుస్తకాన్ని ఎక్కడ ఆపాలో నిర్ణయించింది డరెల్. మిమ్మల్ని చంపేవాడు కూడా మిమ్మల్నే ప్రేమిస్తున్నాడన్న మాట పట్టుకుని అతను దీవి వదిలి వెళ్తాడు. పాలించడానికి వచ్చినవాళ్ళకి భూమి, పన్ను, బందరు ఇవన్నీ చాలవు. ప్రేమ కూడా కావాలి. మన దేశం గురించి తెల్లదొరలు రాసిన జ్ఞాపకాల్లో కూడా ఈ ఆకలే చాలాసార్లు కనబడుతుంది. డరెల్ పుట్టింది జలంధర్‌లో, 1912లో. పదకొండేళ్ళప్పుడు ఇంగ్లండ్‌కి పంపేస్తే ఆ దేశం ఏమాత్రం పడలేదు, ‘పుడ్డింగ్ ఐలాండ్’ అని వెక్కిరించేవాడు. అలా ఎండ వెతుక్కుంటూ తిరిగిన మనిషి మీద నాకు జాలి కూడా ఉంది, లేదని అనను.

ఇంకో లోటు. సైప్రస్‌కి వచ్చేనాటికి అతని రెండో భార్య ఈవ్ మానసికంగా బాగా దెబ్బతిని ఉంది. పసిపిల్ల సాఫోని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లని చూసుకోవడానికి వాళ్ళమ్మ కూడా వచ్చింది. పుస్తకంలో వీళ్ళెవరూ దాదాపు కనిపించరు. ఒంటరి మగవాడు, ఒక దీవి, బోలెడంత తీరిక. అన్నం వండిందెవరో, పిల్ల ఏడిస్తే లేచిందెవరో మనకి తెలీదు. సోమరి చెట్టు కింద ఎవరైనా కూర్చోవాలంటే ఇంట్లో ఎవరో ఒకరు నిలబడి ఉండాలి కదా. ఈ తరహా పుస్తకాలన్నింటిలోనూ ఇంతే, పెద్దగా ఆశ్చర్యపోనక్కర్లేదు.

సైప్రస్ ఊరుకోలేదు. గ్రీకు దౌత్యవేత్త రోడిస్ రూఫోస్ ఆ రోజుల్లో నికోసియాలో ఉన్నవాడే. 1960లో ‘ద ఏజ్ ఆఫ్ బ్రాంజ్’ అనే నవలతో జవాబిచ్చాడు. సైప్రియట్ రచయిత కోస్తాస్ మోంటిస్ 1964లో ‘మూసిన తలుపులు’ అని రాశాడు, డరెల్ పుస్తకానికి జవాబు అని ఉపశీర్షిక పెట్టి మరీ. అందులో కథ చెప్పేది ఆ కల్లోల కాలంలో బడికెళ్ళే కుర్రాడు. రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఒకే తరగతి గదిని రెండు వైపుల నుంచి చూసినట్టుంటుంది. డరెల్ బ్లాక్‌బోర్డు దగ్గర నిలబడి ఈ పిల్లలు ఎందుకిలా మారిపోయారని విస్తుపోతాడు. మోంటిస్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, అక్కడ విస్తుపోవడానికేం లేదు. వాక్యం మీద వాక్యంగా తూస్తే డరెలే గొప్ప స్టైలిస్టు, నా మటుకు నాకు ఆ విషయంలో అనుమానం లేదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది కూడా. లోకమంతా చదివింది డరెల్‌ని. మోంటిస్ ఇంగ్లీషు అనువాదం రావడానికి నలభై ఏళ్ళు పట్టింది.

కవి సెఫెరిస్ డరెల్‌కి పాత స్నేహితుడు. అతనూ 1953లోనే మొదటిసారి సైప్రస్ వచ్చాడు, ఆ దీవి మీద కవితలు రాసి 1955లో పుస్తకం వేసి సైప్రస్ ప్రజలకి అంకితమిచ్చాడు. ఒకే ఏడాది, ఒకే ఎండ. డరెల్ ఉద్యోగం ఆ స్నేహాన్ని చేదు చేసింది.

సరే, ఆ ఇల్లు ఏమైంది? ఇంకా ఉంది, బెల్లాపైస్ కొండ మీద. ఊరివాళ్ళే లేరు. 1960లో స్వాతంత్ర్యం వచ్చింది, రెండు సైనిక స్థావరాలు మాత్రం బ్రిటన్ దగ్గరే ఉండిపోయాయి. దీవిలో దాదాపు మూడు శాతం నేల. అందులో అక్రోతిరి నా స్నేహితురాలి బాల్కనీకి ఎంతో దూరంలో లేదు. 1964 నుంచి ఐక్యరాజ్యసమితి సైన్యం ఉంది. దాన్ని నడిపినవాళ్ళలో ముగ్గురు మన జనరల్సే: జ్ఞానీ, తిమ్మయ్య, ప్రేమ్‌చంద్. తిమ్మయ్య 1965లో అక్కడే పోయారు. 1974లో గ్రీకు కుట్ర, వెనకే టర్కీ దండయాత్ర, దీవి రెండు ముక్కలు. ఉత్తరాన ఉన్న గ్రీకులు దక్షిణానికి, దక్షిణాన ఉన్న టర్కులు ఉత్తరానికి. బెల్లాపైస్ గ్రీకుల ఊరు, రెండేళ్ళలో ఖాళీ అయింది. ఫ్రాంగోస్‌లందరూ వెళ్ళిపోయారు. 2003 ఏప్రిల్‌లో సరిహద్దు తెరిచాక, ముప్ఫయ్యేళ్ళకి, తమ ఇళ్ళు చూసుకోవడానికి జనం వరుసలు కట్టారు.

ఆ ఖాళీ నేలల్లో కొన్నింటి మీద విల్లాలు లేచాయి. ఎండ కోసం వచ్చిన ఇంగ్లీషు దంపతులు కొన్నారు. బెల్లాపైస్‌కి పడమరగా ఉన్న లాపిథోస్‌లో ఆరమ్స్ దంపతులు కట్టుకున్న ఇంటి మీద, ఆ నేల మాదని మెలెతిస్ అపోస్తోలిదిస్ కేసు వేశాడు. 2009లో యూరోపియన్ కోర్టు, 2010లో ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు అతని వైపే నిలబడ్డాయి. ఈ కేసు చదివాక సబ్రి అధ్యాయానికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి నవ్వు రాలేదు. తాళంచెవి చప్పుడు మాత్రం వినిపించింది.

ఇప్పుడు దక్షిణాన మూడు లక్షల యూరోలు పెట్టి కొత్త ఇల్లు కొంటే శాశ్వత నివాసం ఇస్తారు. మొన్నమొన్నటి దాకా ఇరవై లక్షల యూరోలు పెడితే పాస్‌పోర్టే ఇచ్చేవారు, 2020లో గొడవై ఆపేశారు. ల్యాప్‌టాప్‌తో వచ్చేవాళ్ళకి వేరే వీసా ఉంది, నెలకి మూడు వేల అయిదు వందల యూరోల ఆదాయం చూపిస్తే. డరెల్ దగ్గర ఉన్న పాస్‌పోర్టు నా దగ్గర లేదు, అతని వెనకున్న సామ్రాజ్యమూ లేదు. వీసా ఆఫీసులో నేను లైన్లో నిలబడేదాన్నే. ఆ తేడా నన్ను పూర్తిగా కాపాడుతుందని మొదట అనుకున్నాను. ఎక్కువ జీతంతో దిగి, అక్కడ పుట్టిన కుర్రాళ్ళు కట్టలేని అద్దె కట్టి, సాయంత్రం బాల్కనీ ఫోటో పెట్టేవాళ్ళలో నేనూ ఒకదాన్నవుతానని తర్వాత తోచింది. దీనికి డరెల్‌ని తిట్టి లాభం లేదు. అతని పుస్తకం లేకపోయినా నాకు ఆ బాల్కనీ కావాలి.

‘బిటర్ లెమన్స్’ చదవండి. ఇల్లు కొనే అధ్యాయం పక్కవాళ్ళకి వినపడేలా చదవండి. తర్వాత ‘మూసిన తలుపులు’ ఎక్కడైనా దొరికితే వదలకండి.

కంపెనీకి ఇంకా జవాబివ్వలేదు. నెలాఖరు దాకా గడువుంది. పోయిన వారం స్నేహితురాలికి ఫోన్ చేసి మీ ఇంటి ఓనరు ఎవరే అనడిగాను. పెద్దాయన, డెబ్భై దాటాయి, పండగలకి నిమ్మకాయలు పంపుతాడు అంది. ఏ ఊరాయనది? కిరీనియా వైపేదో, డెబ్భై నాలుగులో వచ్చేశారట అంది. ఏ ఊరని అడగలేదా? రెండేళ్ళలో ఎప్పుడూ అడగలేదంది. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. అద్దె ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అడిగి చెబుతానంది.